వెనిస్ వెళ్ళే కొల్లేటి వాళ్ళకి ఒక మాట

ఈ మధ్య మన వైపు నుంచి యూరప్ వెళ్ళొచ్చే కుటుంబాలు బాగా పెరిగాయి. ఏలూరు తీసుకోండి, తాడేపల్లిగూడెం తీసుకోండి, వీధికి ఒకరిద్దరు పిల్లలు జర్మనీలోనో ఐర్లాండులోనో నెదర్లాండ్స్‌లోనో ఉంటున్నారు. చదువుకో ఉద్యోగానికో వెళ్ళారు, కాస్త కుదురుకున్నాక వేసవిలో అమ్మానాన్నల్ని పిలిపిస్తారు. మంచిదే. నలభై ఏళ్ళు సార్వా, దాళ్వా తప్ప ఇంకోటి తెలీని మనిషి విమానం ఎక్కి నాలుగు ఊళ్ళు చూసొస్తే తప్పేముందండీ. "డబ్బులు దండగ" అనేవాళ్ళతో నాకు పేచీయే.

నా పేచీ చూసే పద్ధతితో. పది రోజుల్లో ఆరేడు దేశాల ప్యాకేజీ కడతారు. అందులో వెనిస్‌కి దక్కేది సగం రోజు. బస్సు దిగి పడవెక్కుతారు, శాన్ మార్కో మైదానంలో పావురాలతో ఫోటో దిగుతారు, గొండోలా ఎక్కాలా వద్దా అని అరగంట తర్జనభర్జన పడతారు, మళ్ళీ బస్సు. ఇంటికొచ్చాక "ఎలా ఉంది?" అంటే "నీళ్ళల్లో ఊరండీ బాబూ, భలే ఉంది" అంటారు. అంతే.

నీళ్ళల్లో ఊరు మనకి కొత్తా? గుడివాకలంక, ప్రత్తికోళ్ళలంక, పైడిచింతపాడు, కొల్లేటికోట... ఇవన్నీ ఏంటి మరి? మా చిన్నప్పుడు కొల్లేటికోట పెద్దింట్లమ్మ తీర్థానికి పడవ మీదే కదా వెళ్ళింది. తాటిదోనె తొయ్యడం వచ్చిన మనిషికి గొండోలా చూస్తే ఆశ్చర్యం కంటే అనుమానం ఎక్కువ రావాలి. వాళ్ళ నీళ్ళు ఇంకా అక్కడ ఎందుకున్నాయి, మన నీళ్ళు ఏమైపోయాయి అని.

మేము అమ్మాయి వాళ్ళతో కలిసి వెనిస్‌లో మూడు రాత్రులున్నాం. ఆ మూడు రోజులూ నేను చూసిందీ, వచ్చాక చదివి తెలుసుకుందీ కలిపి ఒక్క ముక్కలో చెప్తాను. వెనిస్ తన నీళ్ళని నిలబెట్టుకుంది, మనుషుల్ని పోగొట్టుకుంది. మనం కొల్లేట్లో మనుషుల్ని నిలబెట్టుకున్నాం, నీళ్ళని పోగొట్టుకుంటున్నాం. రెండు చోట్లా పోయినదానికి కారణం ఒకటే. ఊరంతా ఒకే పంట వెయ్యడం. ఇది అర్థం చేసుకోవడానికి చరిత్ర పండితుడు అక్కర్లేదు, మనలాంటి రైతు చాలు.

ముందు నీళ్ళ సంగతి.

వెనిస్ ఉన్నది సముద్రంలో కాదు, సముద్రం పక్కన మడుగులో. మన పులికాట్ లాంటిది అనుకోండి. ఇసుక మేటలు అడ్డంగా ఉంటాయి, వాటి మధ్య మూడు మొగలు, వాటిగుండా పోటూ పాటూ వచ్చి పోతుంటాయి. మొత్తం విస్తీర్ణం 550 చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది. మన కొల్లేరు ఐదో కాంటూరు వరకు లెక్కేస్తే 308 చదరపు కిలోమీటర్లు, పదో కాంటూరు వరకు లెక్కేస్తే 900. అంటే నిండుగా ఉన్న కొల్లేరు వెనిస్ మడుగు కంటే పెద్దదండీ. మనది మంచినీటి సరస్సు, వాళ్ళది ఉప్పునీళ్ళు, ఆ తేడా ఉంది. కానీ జబ్బు మాత్రం ఒకటే. ఏర్లు మట్టి తెచ్చి పోస్తాయి, మడుగు పూడిపోతుంది.

ఆ జబ్బు వాళ్ళకి ముందే తెలిసింది. ఎలాగంటారా? పడవ మీద ఉత్తరం వైపు వెళ్తే టోర్చెల్లో అని ఒక దీవి వస్తుంది. ప్యాకేజీ వాళ్ళు అక్కడికి తీసుకెళ్ళరు, మీరే వెళ్ళాలి. వెనిస్ ఇంకా పేరు తెచ్చుకోకముందు అదే పెద్ద ఊరు. 639లో మొదలుపెట్టిన చర్చి ఇప్పటికీ నిలబడి ఉంది. చుట్టూ మడుగు మట్టి పట్టి మెరక అయ్యింది, పడవలు నడవలేదు, నిలవ నీళ్ళల్లో దోమలు చేరి మలేరియా వచ్చింది, జనం వెళ్ళిపోయారు. ఇళ్ళ రాళ్ళు కూడా ఊడదీసుకెళ్ళి వెనిస్‌లో ఇళ్ళు కట్టుకున్నారు. ఇప్పుడు అక్కడ ఉంటున్న మనుషుల్ని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మా ఆవిడ ఆ గడ్డి, ఆ తూటికాడలాంటి మొక్కలు, ఆ బురద చూసి "ఇదేంటండీ, మన ఆగడాలలంక దగ్గర దిగినట్టుంది" అంది.

టోర్చెల్లోకి పట్టిన గతి కళ్ళెదురుగా ఉంది కాబట్టి వెనిస్ వాళ్ళు గట్టిగా పట్టుకున్నారు. 1501లో నీళ్ళ కోసమే ప్రత్యేకంగా ఒక అధికార వ్యవస్థ పెట్టారు. మడుగులో ఎవడు ఏ మేకు పాతాలన్నా, ఏ గట్టు వెయ్యాలన్నా వాళ్ళని అడగాల్సిందే. మట్టి తెస్తున్న బ్రెంటా, సీలే, పియావే లాంటి నదులకి కొత్త కాలవలు తవ్వి మడుగులో కలవకుండా పక్కకి తిప్పేశారు. ఒకరోజులో అయిన పని కాదు, తరాలు పట్టింది. పలుగూ పారా తప్ప ఏ యంత్రమూ లేని కాలంలో నది మొగనే మార్చారంటే ఆలోచించండి.

ఇక్కడ మన కథకి బాగా దగ్గరైన ముచ్చట ఒకటుంది. పదహారో శతాబ్దంలో అక్కడ ఇద్దరు పెద్దమనుషులు వాదులాడుకున్నారు. ఒకాయన అల్వీసే కొర్నారో, భూస్వామి. మడుగు అంచుల్లో గట్లు వేసి, నీళ్ళు తోడి, సాగులోకి తెస్తే తిండిగింజలు పండుతాయి కదా అన్నాడు. రెండో ఆయన క్రిస్టోఫోరో సబ్బదీనో, నీళ్ళ ఇంజనీరు. మడుగు అంచు తీసేస్తే పోటు నీరు పరుచుకోవడానికి చోటుండదు, అంచు పోతే నడుమూ పోతుంది అన్నాడు. ఐదో కాంటూరా మూడో కాంటూరా అని మనం ఇవాళ కైకలూరు టీకొట్టు దగ్గర చేసే గొడవ ఇదే కదండీ! మొత్తమ్మీద ప్రభుత్వం సబ్బదీనో దారిలోనే నడిచింది. కొర్నారో చెప్పింది అబద్ధమని కాదు. గింజలు నిజంగానే పండేవి. కానీ ఆ ఎకరం లాభం ఒకడిది, పూడిపోయిన మడుగు నష్టం ఊరందరిదీ. ఆ లెక్క చూశారు.

చేపల చెరువులు వాళ్ళకి లేవా అంటే, ఉన్నాయి. వాళ్ళ మడుగులో దాదాపు ఆరో వంతు చేపల పెంపకానికి కట్టుకున్న మడులే. కాకపోతే పాతకాలంలో వాటికి మట్టి గట్లు వెయ్యనిచ్చేవాళ్ళు కాదు. రెల్లు తడికెలు కట్టుకోవాలి, నీళ్ళు వచ్చి పోవాలి, చేప మాత్రం ఆగాలి. మన తాతలు కొల్లేట్లో మావులు పెట్టి, తడికెలు కట్టి పట్టిన పద్ధతే అది. తర్వాత అక్కడా మట్టి గట్లు వచ్చాయి, అక్కడా తగువులు వచ్చాయి. ఆ మడుల్ని మళ్ళీ పోటు నీటికి తెరవాలని 1973 నుంచీ చట్టాల్లో రాసుకుంటూనే ఉన్నారు. వాళ్ళేం దేవుళ్ళు కాదు. సముద్రం పొంగినప్పుడు మొగలు మూసేందుకు 78 ఇనుప తలుపులు పెట్టారు చూడండి, ఆ ప్రాజెక్టులో 2014లో లంచాల కుంభకోణం బయటపడి పెద్దపెద్దవాళ్ళనే పట్టుకెళ్ళారు. ఆ తలుపులు మొదటిసారి నిజంగా పనికొచ్చింది 2020 అక్టోబరులో. 1966 నవంబరు 4న ఊరు మునిగాక యాభై ఏళ్ళు దాటింది అప్పటికి. పనులు సాగడం, మధ్యలో కొందరు తినెయ్యడం మనకే సొంతం కాదు. అయినా చివరికి పని జరిగింది.

ఇంకొకటి. రియాల్టో వంతెన పక్కన చేపల మార్కెట్ ఉంది. పొద్దున్నే వెళ్ళాలి, ఆది సోమవారాలు ఉండదు. మా మనవరాలు "తాతయ్యా, ఇంత దూరం వచ్చి చేపల మార్కెట్టా?" అని మూతి ముడిచింది. అక్కడ గోడకి ఒక పాలరాతి పలక ఉంటుంది. ఏ చేప ఎంత పొడవు లేకపోతే అమ్మకూడదో దాని మీద చెక్కి పెట్టారు. సార్డీన్ అయితే 7 సెంటీమీటర్లు, మలుగు అయితే 25. కాగితం జీవో కాదండీ, రాయి. పిల్ల చేపని అమ్మితే రేపు చేప ఉండదన్న సంగతి వాళ్ళు పాలరాతి మీద రాసుకున్నారు. మనకీ తెలుసు ఆ సంగతి, మన జాలర్లకి అందరికంటే ముందు తెలుసు. రాయి మీద రాసి, అమ్మేవాడి చేతా కొనేవాడి చేతా పాటించేలా చెయ్యడమే మనకి చేతకాలేదు.

కాలవలు కూడా చూడండి. కాలవ ముక్కకి రెండు వైపులా అడ్డు కట్టి, నీళ్ళు తోడేసి, బురద ఎత్తి, గోడలకి మరమ్మతు చేసి, మళ్ళీ నీళ్ళు వదులుతారు. మన డెల్టాలో కాలవలు కట్టేసిన వేసవి నెలల్లో పూడిక తియ్యడం లాంటిదే. ఏలూరు మాత్రం కాలవల ఊరు కాదా? గోదావరి కాలవ, కృష్ణా కాలవ రెండూ వచ్చి కలిసేది ఏలూర్లోనే. కాటన్ దొర ఆనకట్ట కట్టాక ఈ కాలవలు పొలాలకే కాదు, పడవలకీ దారయ్యాయి. కాకినాడ నుంచి ఏలూరు మీదుగా, బకింగ్‌హామ్ కాలవ పట్టుకుని మద్రాసు దాకా సరుకు పడవలు నడిచాయి. ఇప్పుడు ఆ కాలవ గట్టు మీద నిలబడితే కనిపించేది గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులు. వెనిస్ కాలవ మురుగు వాసన రాదని నేను అనను, ఎండాకాలంలో వస్తుంది. కానీ అందులో ఇటుకలు మోసే పడవ నడుస్తుంది, చెత్త పడవ నడుస్తుంది, అంబులెన్స్ పడవ నడుస్తుంది. కాలవకి పనుంది కాబట్టి కాలవ బతికుంది.

బోర్ల ముచ్చటా చెప్పాలి. పోయిన శతాబ్దంలో పక్కనున్న పరిశ్రమల కోసం భూమిలోంచి నీళ్ళు విపరీతంగా తోడారు. ఊరు కుంగడం మొదలైంది. 1970లలో ఆ బోర్లు ఆపేశాక ఆ వేగం తగ్గింది. కుంగిన నేల మాత్రం మళ్ళీ మునుపటి ఎత్తుకి లేవలేదు. మెట్టలో బోరు మీద బోరు దింపుతున్న మన సోదరులు ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే చాలు.

సరే, ఇదంతా విని వెనిస్ బ్రహ్మాండం అనుకోకండి. ఇప్పుడు మనుషుల సంగతి.

1951లో ఆ పాత ఊళ్ళో లక్షా డెబ్భై ఐదు వేల మంది ఉండేవాళ్ళు. 2022కి యాభై వేల లోపుకి పడిపోయారు. రియాల్టో దగ్గర ఒక మందుల షాపు కిటికీలో అంకెల బోర్డు పెట్టారు. ఊళ్ళో ఇంకా ఎంతమంది మిగిలారో అందులో కనిపిస్తుంది. మన ఆసుపత్రుల్లో టోకెన్ నంబరు బోర్డులా ఉంటుంది, కాకపోతే ఇది వెనక్కి నడుస్తుంది. ఏటా వచ్చే చూడ్డానికొచ్చినవాళ్ళు మాత్రం కోట్లల్లో. ఇల్లు ఊరివాడికి అద్దెకిస్తే నెలకొచ్చేది, మనలాంటి వాళ్ళకి రోజులెక్కన ఇస్తే వారంలో వస్తుంది. కూరగాయల కొట్టు తీసేసి మాస్కులు, మాగ్నెట్లు అమ్మే కొట్టు పెట్టారు. బడి మూతపడింది, మంగలి షాపు మూతపడింది. 2023కి వచ్చేసరికి ఊళ్ళో జనం కంటే అతిథుల పడకలే ఎక్కువయ్యాయని అక్కడి పౌర సంఘం ఒకటి లెక్క తీసి చెప్పింది. 2024 ఏప్రిల్‌లో, కొన్ని రోజుల్లో రాత్రి ఉండకుండా వచ్చి పోయేవాళ్ళ దగ్గర ప్రవేశ రుసుము వసూలు మొదలుపెట్టారు, ఆ ఏడాది అది 5 యూరోలు. ఊరికి గేటు టికెట్టు పెట్టారంటే అది ఊరా, జూనా?

రైతు కంటితో చూస్తే దీనికి పేరుంది. ఒకే పంట. ఊరంతా టూరిజం నాటారు. దిగుబడి బాగా వచ్చింది, పక్క పంటలన్నీ చచ్చాయి. 2020లో కరోనా వచ్చి విమానాలు ఆగిపోయినప్పుడు ఆ ఊళ్ళో కొట్లు తెరిచినా కొనే మనిషి లేడు.

ఇప్పుడు మన వైపు చూసుకోండి. 1970లలో ప్రభుత్వమే సొసైటీలు పెట్టి కొల్లేట్లో చేపల చెరువులు తవ్వించింది. పేదవాడు బాగుపడాలనే చేసింది. తర్వాత డబ్బున్నోడు వచ్చి లీజుకి తీసుకున్నాడు. లంకలోని మనిషికి లీజు డబ్బు, కూలి, అంతే మిగిలింది. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ జాబితాలో పెట్టారు. 2006లో కోర్టు చెప్పిందని పొక్లెయిన్లతో గట్లు కొట్టారు. కొట్టిన గట్లు మళ్ళీ లేచాయి. ఎందుకు లేచాయి? గట్టు కొట్టినవాడు ఆ మనిషికి వేరే బతుకు చూపించలేదు కాబట్టి. లంకలవాళ్ళని దొంగల్లా చూసే పేపర్ రాతలతో నేను ఒప్పుకోను. జిరాయితీ భూమి ఉన్న రైతుకి ఇవ్వాల్సింది ఇవ్వకుండా "ఖాళీ చెయ్" అంటే ఎవడు చేస్తాడు?

కానీ నీళ్ళ లెక్క మన కష్టం చూసి మారదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు, వీటితోపాటు డజన్ల కొద్దీ డ్రైన్లు కొల్లేట్లోకి వస్తాయి. బయటికి పోయే దారి ఒక్కటే, 60 కిలోమీటర్ల ఉప్పుటేరు. మధ్యలో అంతా గట్లే. ఆ ఉప్పుటేరూ పూడి, ఇరుకైపోయింది. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచిన బుడమేరు నీళ్ళు ఆ తర్వాత ఎక్కడికొచ్చాయి? మన దగ్గరికే. ఏలూరు, కైకలూరు రోడ్డు మీదకి నీళ్ళొచ్చాయి, లంకలు దీవులయ్యాయి. వేసవిలో దానికి ఎదురు కథ. పైనుంచి మంచినీళ్ళు రావు, ఉప్పుటేరులోంచి ఉప్పు పైకి ఎక్కుతుంది. చేప రేటు పడిపోయిన ఏడాదీ, మేత రేటు పెరిగిన ఏడాదీ మన వాళ్ళ మొహాలు చూశాం. 2025లో అమెరికా సుంకాలు పెంచితే భీమవరం రొయ్య రైతుకి నిద్ర పట్టలేదు. ఒకే పంట అంటే అదే. పగ్గం వేరేవాడి చేతిలో ఉంటుంది.

ఇంకో ప్రమాదం కూడా చెప్పి తీరాలి. "చేపల చెరువులు తీసేసి కొల్లేరుని టూరిజం చేద్దాం, హౌస్‌బోట్లు వేద్దాం, రిసార్టులు కడదాం" అని అప్పుడప్పుడు ఎవరో ఒకరు మైకు పట్టుకుంటారు. వెనిస్ చూసొచ్చాక ఆ మాటంటే నాకు భయమేస్తోంది. ఒక పంట పీకి ఇంకో పంట ఊరంతా నాటడమే కదా అది. ఆటపాకలో గూడబాతుల్ని చూడ్డానికి జనం రావాలి, పడవ తోసేవాడికి నాలుగు డబ్బులు రావాలి. కాదనను. కానీ లంకలో బడి ఉండాలి, వల కట్టేవాడు ఉండాలి, బాతులు మేపేవాడు ఉండాలి, వరి చేసేవాడు ఉండాలి, నీళ్ళు పారే చోట నీళ్ళు పారాలి. ముందు నీళ్ళు, తర్వాత మనుషులకి నాలుగు రకాల బతుకు, ఆఖర్న పడవ షికారు. ఆ వరస తప్పితే మళ్ళీ మొదటికే.

నేను అడిగేది మూడే. ఒకటి, కొల్లేటికి ఒక్క యజమాని. ఇప్పుడు అటవీ శాఖ, ఇరిగేషన్, డ్రైనేజీ, మత్స్య శాఖ, రెవెన్యూ అందరూ ఉన్నారు, అడిగితే ఎవరూ లేరు. రెండు, కాంటూరు గీత ఎక్కడుండాలన్న తగువుకంటే ముందు ఉప్పుటేరు పూడిక, నీళ్ళు నడిచే దారులు తేల్చండి. మూడు, గట్టు తీసే రోజే ఆ కుటుంబానికి పరిహారం, ఇంకో బతుకుతెరువు చేతికివ్వండి. రేపిస్తామంటే గట్టు రేపే లేస్తుంది.

ఇక వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. కనీసం రెండు రాత్రులు ఉండండి. పాత ఊళ్ళో గది ఖరీదు, మెస్త్రేలో తక్కువకి దొరుకుతుంది, రైలెక్కితే పది నిమిషాలు. మెస్త్రే కూడా వెనిస్ మున్సిపాలిటీయే కాబట్టి అక్కడ బస చేసేవాళ్ళకి ఆ ప్రవేశ రుసుము ఉండదు, ముందుగా పేరు నమోదు చేసుకుంటే చాలు. గొండోలా అరగంటకి 90 యూరోలు, మన లెక్కలో తొమ్మిది వేల దాకా. పిల్లలు సరదా పడితే ఎక్కండి, లేకపోతే 25 యూరోలకి రోజంతా తిరిగే పడవ బస్సు పాసు తీసుకోండి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి అదే దిక్కు, ఎందుకంటే అక్కడ నాలుగొందలకి పైగా వంతెనలు, దాదాపు అన్నిటికీ మెట్లే. ఒకటో నంబరు పడవ పెద్ద కాలవంతా నిదానంగా చూపిస్తుంది. పొద్దున చేపల మార్కెట్, ఒక పూట టోర్చెల్లో తప్పకుండా చూడండి. మందు కొనే పని లేకపోయినా ఆ షాపు కిటికీ ముందు ఒక్క నిమిషం ఆగండి.

తిరిగొచ్చాక ఫోటోలు పెట్టండి, మేమూ చూసి సంతోషిస్తాం. ఆ వారంలోనే ఒక ఆదివారం పిల్లల్ని తీసుకుని పెద్దింట్లమ్మని చూసి, ఉప్పుటేరు గట్టు మీద కాసేపు నడిచి రండి. నీళ్ళు ఎక్కడ ఆగుతున్నాయో మీ కళ్ళతో చూసి, వచ్చే గ్రామసభలో ఆ ఒక్క ప్రశ్న అడగండి.